స్కీన్స్‌ని ఇచ్చి ముగ్గురిని తీసుకోవచ్చా? కీపర్ లీగ్ ట్రేడ్ మీద నా జవాబు

ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్పుకుందాం, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది పన్నెండు జట్ల ఆఫీస్ ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్, అంటే నిజమైన ఆటగాళ్ళతో ఊహా జట్లు కట్టుకుని, వాళ్ళ అంకెలతో పోటీపడే ఆట. రోటో పద్ధతి, అంటే ఒక్కో విభాగంలో జట్లకి వరస స్థానాలిచ్చి వాటిని కూడతారు. బ్యాటింగ్‌కి ఐదు విభాగాలు, పిచింగ్‌కి ఐదు. ఏటా ఐదుగురిని ఉంచుకోవచ్చు (వాళ్ళే కీపర్లు), మిగతావాళ్ళంతా మార్చిలో డ్రాఫ్ట్‌లోకి, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే చోటికి వెళ్ళిపోతారు. మీ దగ్గర బ్యాటర్లు హువాన్ సోటో, కాల్ రాలీ, కార్బిన్ కారోల్, పిచర్ పాల్ స్కీన్స్ ఉన్నారు. ఐదో స్పాట్‌కి గట్టివాడు లేడు. 2025 సీజన్ ముగిసిన ఈ చలికాలంలో మీ లీగ్‌లో ఒకాయన స్కీన్స్‌ని ఇస్తే బ్యాటర్లు ఓనీల్ క్రూజ్, జాక్సన్ హాలిడే, పిచర్ కుమార్ రాకర్ ముగ్గురినీ ఇస్తానంటున్నాడు. ఒకరికి ముగ్గురు వస్తున్నారు, ఐదో స్పాట్ నిండుతుంది, పైగా రాకర్ తల్లి వైపు నుంచి మనవాడు. ఒప్పుకోవాలా అని అడిగారు.

ఒప్పుకోకండి. స్కీన్స్‌ని అసలు అమ్మకూడదని నేను అనను. నిజానికి పిచర్‌ని చలికాలంలో అమ్మడం నాకు ఇష్టమే. కానీ అమ్మితే చేతికి ఒక్క పెద్ద బ్యాటర్ రావాలి. ఆయన దగ్గర ఎల్లీ డి లా క్రూజ్ కూడా ఉన్నాడని మీరే రాశారు. ఆ ఒక్కడిని అడగండి.

నేను డాలస్ దగ్గర ఉంటాను. ఒకే కీపర్ లీగ్‌లో 2009 నుంచి ఆడుతున్నాను, అదీ పన్నెండు జట్లదే, ఐదుగురు కీపర్లే. ఇన్నేళ్ళలో మంచి ట్రేడ్‌లు చేశాను, తలచుకుంటే ఇప్పటికీ బాధేసే ట్రేడ్‌లూ ఉన్నాయి. రెండూ చెబుతాను.

ముందు 60 అనే అంకె గుర్తుపెట్టుకోండి. పన్నెండు జట్లు, జట్టుకి ఐదుగురు, మొత్తం 60 మంది బయటికి రారు. అంటే మార్చిలో మీ మొదటి రౌండ్ పిక్‌తో (ఎంచుకునే వంతుతో) వచ్చేది దాదాపు 61వ స్థానం నుంచి 72వ స్థానం లోపు ఆటగాడు. అతను మీకు ఎలాగూ వస్తాడు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. కాబట్టి కీపర్ విలువ చూసేటప్పుడు "ఇతను మంచి ఆటగాడా" అని చూడకూడదు. "డ్రాఫ్ట్‌లో ఊరికే దొరికేవాడి కంటే ఇతను ఎంత ఎక్కువ" అని చూడాలి.

ఈ కొలతతో మీ ట్రేడ్ చూడండి. స్కీన్స్ ఏ లెక్కన చూసినా మొదటి పదిహేను మందిలో ఉంటాడు. క్రూజ్‌ని నేను యాభై దగ్గర పెడతాను, అంటే ఆ 60 దగ్గరి గీతకి కొంచెం పైన. హాలిడే గీత కింద. మీరు వదిలేసినా రెండో రౌండ్‌లోనో మూడో రౌండ్‌లోనో మళ్ళీ మీకే దొరకొచ్చు. రాకర్‌ని మీ లీగ్‌లో ఎవరూ కీపర్‌గా ఉంచరు. అంటే ముగ్గురు వస్తున్నట్టు కనిపిస్తున్నా, నిజంగా మీ జట్టుకి కలిసేది క్రూజ్‌కీ గీతకీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా మాత్రమే. జేబులో ఐదు నోట్లే పట్టే చోట వందనోటు ఇచ్చి చిల్లర తీసుకున్నట్టు అవుతుంది.

అయితే క్రూజ్ మీద మీకు ఆశ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు, నాకూ పుట్టింది. 2025 మే 25న పిట్స్‌బర్గ్‌లో అతను కొట్టిన హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) గంటకి 122.9 మైళ్ళ వేగంతో బ్యాట్ నుంచి వెళ్ళింది. 2015లో స్టాట్‌కాస్ట్ (బంతి వేగం కొలిచే మేజర్ లీగ్ యంత్రాంగం) కొలతలు మొదలైనప్పటి నుంచి అంత గట్టిగా తగిలిన బంతి ఇంకోటి లేదు. స్టేడియం దాటి అలెగెనీ నదిలో పడింది. అది చూసినవాళ్ళెవరికైనా ఈ కుర్రాడిని జట్టులో పెట్టుకోవాలనే అనిపిస్తుంది. 2025లో 20 హోమ్ రన్స్, 38 స్టీల్స్ (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడాలు). నేషనల్ లీగ్‌లో స్టీల్స్‌లో సోటోతో కలిసి మొదటి స్థానం.

కానీ యావరేజ్ (ఎట్-బ్యాట్స్, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వాటా) .200. రోటోలో అది ఎంత దెబ్బో ఒకసారి కాగితం మీద వేసుకోండి. ఒక జట్టుకి సీజన్ మొత్తం మీద సుమారు 7,000 ఎట్-బ్యాట్స్ వస్తాయనుకుందాం, జట్టు యావరేజ్ .260 అనుకుందాం. అందులో 470 ఎట్-బ్యాట్స్ .260 బదులు .200 కొట్టేవాడివైతే 28 హిట్లు పోతాయి. జట్టు యావరేజ్ నాలుగు పాయింట్లు పడుతుంది, .256కి వస్తుంది. వినడానికి చిన్నదే. మా లీగ్‌లో మధ్యలో ఉండే జట్ల మధ్య తేడా ఒకటి రెండు పాయింట్లే ఉంటుంది. నాలుగు పాయింట్లు పడితే యావరేజ్ విభాగంలో మూడు మెట్లు దిగిపోతాం.

స్టీల్స్ విషయంలో ఇంకో మాట. 2023లో రూల్స్ మారాయి. బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెరిగింది. పిచర్ రన్నర్ వైపు తిరిగి బంతి వేయడం, లేదా మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీది రబ్బరు పలక నుంచి కాలు తీయడం, ఒక బ్యాటర్‌కి రెండుసార్లే. మూడోసారి ప్రయత్నించి రన్నర్‌ని అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి ఒక బేస్ ఊరికే వస్తుంది. దాంతో 2022లో లీగ్ మొత్తం మీద 2,486 ఉన్న స్టీల్స్ 2023లో 3,503 అయ్యాయి, 2024లో 3,617. అంటే ఇప్పటి 38 స్టీల్స్, 2022 నాటి 38 స్టీల్స్ ఒకటి కాదు. పాత ధర కట్టేవాళ్ళు మా లీగ్‌లో ఇంకా ఇద్దరున్నారు. మీ ఎదుటాయన కూడా "స్టీల్స్ చూశారా" అని మొదలుపెట్టాడంటే ఆ ధరే అడుగుతున్నాడు.

హాలిడే గురించి కొంచెమే చెబుతాను. 2024లో మైనర్ లీగ్‌ల (కింది స్థాయి లీగ్‌ల) నుంచి నంబర్ వన్ ప్రాస్పెక్ట్‌గా, అంటే పైకొచ్చే కుర్రాళ్ళలో మొదటివాడిగా వచ్చాడు. మొదటి పది మ్యాచ్‌ల్లో 34 ఎట్-బ్యాట్స్‌కి రెండే హిట్లు, వెంటనే వెనక్కి పంపేశారు. ఆ చలికాలం మా లీగ్‌లో అతనికి మొదటి రౌండ్ పిక్ ఇచ్చినవాళ్ళున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు జరిగింది. 2025లో 17 హోమ్ రన్స్, 17 స్టీల్స్‌తో కుదురుకున్నాడు. వయసు చిన్నది, నిజంగా మంచి ఆటగాడు అవుతాడని నా నమ్మకం. కానీ మీ లీగ్‌లో ఆ నమ్మకానికి కీపర్ స్పాట్ ఖర్చు చేయాల్సిన పని లేదు.

ఇక స్కీన్స్. 2024లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2025లో సై యంగ్ (ఉత్తమ పిచర్ అవార్డు). ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడిన పరుగులు) 1.97, స్ట్రైకౌట్స్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడాలు) 216. గెలిచినవి పది, ఓడినవి పది. ఆ పది విన్స్ చూసి "విన్స్ రావు కదా" అని ధర తగ్గిస్తారు. వెనక జట్టు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేయగలడు? 2018లో జేకబ్ డిగ్రామ్ 1.70 ఈఆర్‌ఏతో సై యంగ్ గెలిచాడు, అతని రికార్డు 10-9. విన్స్ అనేవి పిచర్ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే చివరివి. స్ట్రైకౌట్స్, ఈఆర్‌ఏ, విప్ (ఇన్నింగ్స్‌కి ఇచ్చిన హిట్లు, వాక్‌లు) మూడు విభాగాల్లో ఒక్క మనిషే జట్టుని పైకి లాగుతున్నప్పుడు విన్స్ కోసం ధర తగ్గించకండి.

మరి అంత గొప్పవాడైతే అమ్మడం నాకు ఇష్టమే అని ఎందుకన్నాను?

మోచేయి. ఇది నా సొంత అనుభవం. 2023 సీజన్‌లో పిచర్ స్పెన్సర్ స్ట్రైడర్ నా జట్టులో ఉన్నాడు. 20 విన్స్, 281 స్ట్రైకౌట్స్. ఆ డిసెంబర్‌లో మా లీగ్‌లో ఒకతను బ్యాటర్ బాబీ విట్ జూనియర్‌ని ఇస్తానన్నాడు, ఒకరికి ఒకరు. రెండు రోజులు ఆలోచించాను. రాత్రి పిల్లలు పడుకున్నాక స్ప్రెడ్‌షీట్ తెరిచి, రెండు నిలువు వరసలు పక్కపక్కన పెట్టి, స్ట్రైడర్ పక్కన పచ్చ రంగు, విట్ పక్కన పసుపు రంగు వేశాను. 281 అనే అంకె దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. వద్దని చెప్పాను. ఏప్రిల్ మొదటి వారంలో, సీజన్‌లో రెండో మ్యాచ్ వేశాక స్ట్రైడర్‌కి మోచేయి నొప్పి, తర్వాత సర్జరీ, సీజన్ అయిపోయింది. విట్ ఆ ఏడాది .332తో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. నేను తొమ్మిదో స్థానంలో ముగించాను. స్ట్రైడర్ తప్పు లేదు, అతనికి జరిగింది ఏ పిచర్‌కైనా జరగొచ్చు. అది తెలిసి కూడా నేను అంకె చూసి ఆగిపోయాను.

2024 డిసెంబర్‌లో పిచర్ కార్బిన్ బర్న్స్ అరిజోనాతో ఆరేళ్ళకి 210 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 2025 జూన్‌లో, టామీ జాన్ సర్జరీ (మోచేయి స్నాయువు మార్చే ఆపరేషన్). ఇలాంటి సర్జరీ తర్వాత మళ్ళీ మౌండ్ ఎక్కడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. బ్యాటర్‌కి గాయాలు అవ్వవని కాదు, కానీ మంచి పిచర్‌కి ఇది ఎప్పుడూ తల మీద ఉండే కత్తి. అందుకే ఎంత మంచి పిచర్ అయినా, అదే స్థాయి బ్యాటర్ ఒకరికి ఒకరు వస్తే నేను ఇప్పుడు ఇచ్చేస్తాను.

ఎల్లీనే ఎందుకు అడగమన్నానంటే, ఇప్పుడు అతని ధర కాస్త తగ్గి ఉంది. 2024లో 25 హోమ్ రన్స్, 67 స్టీల్స్. 2025లో 22 హోమ్ రన్స్, 37 స్టీల్స్. రెండో సగం చాలా నీరసంగా గడిచింది. తొడ కండరం చిరిగిన గాయంతోనే ఆడాడని తర్వాత బయటికొచ్చింది. అయినా 162 మ్యాచ్‌లూ ఆడాడు. తొడ నొప్పితో పరిగెత్తలేనివాడి స్టీల్స్ తగ్గడంలో వింతేముంది? 2026 జనవరికి 24 ఏళ్ళు నిండుతాయి. ఆగస్టు, సెప్టెంబర్ నెలలు చూసి విసిగిపోయిన యజమాని దగ్గర అడగడానికి ఇదే సమయం. మార్చిలో అతను నవ్వుతూ రెండో బేస్ దొంగిలించే వీడియో ఒకటి వచ్చిందంటే ఆ ధర ఉండదు.

ఆయనకి ఇలా రాయండి: "మీ ఆఫర్‌కి థాంక్స్. క్రూజ్ నాకూ ఇష్టమే, కానీ నాకు ఐదు స్పాట్లే కదా, ముగ్గురిని పెట్టుకోలేను. స్కీన్స్‌కి ఎల్లీ అయితే ఈ రోజే ఓకే అంటాను." ఇంతే రాయండి. ఆయన ఆఫర్ ఎందుకు బాలేదో వివరించకండి. నా మొదటి ఏళ్ళలో ఎదుటివాళ్ళకి వాళ్ళ ఆటగాళ్ళ లోపాలన్నీ పేరా పేరాగా రాసి పంపేవాణ్ణి. ఆ తర్వాత వాళ్ళు నాతో మళ్ళీ మాట్లాడడానికి ఒక సీజన్ పట్టేది. ఆయన "ఎల్లీకి ఇంకొంచెం కలపండి" అంటే నాలుగో రౌండ్ పిక్ దాకా వెళ్ళండి, అంతకంటే వద్దు. కాదంటే స్కీన్స్‌ని ఉంచుకుని హాయిగా సీజన్‌లోకి వెళ్ళండి.

ఇప్పుడు ఐదో స్పాట్. మీకు అసలు కావాల్సింది ఇదే, ఈ ఆఫర్ మిమ్మల్ని లాగింది కూడా ఇందుకే. దీనికి స్కీన్స్‌ని కదిలించక్కర్లేదు. ప్రతి చలికాలం ప్రతి లీగ్‌లో ఏదో ఒక జట్టుకి ఆరుగురో ఏడుగురో ఉంచుకోదగినవాళ్ళు ఉంటారు. కీపర్ల గడువు రోజు ఆ ఆరోవాడు వాళ్ళకి సున్నా. ఊరికే డ్రాఫ్ట్‌కి వదిలేయాలి. మీకేమో ఖాళీ స్పాట్ ఉంది. మీ లీగ్ పేజీ తెరిచి పదకొండు జట్ల ఆటగాళ్ళనీ వరసగా చూసి, ఒక్కో జట్టుకి ఆరోవాడెవడో రాసుకోండి. గంట పని. ఆ పదకొండు పేర్లలో కనీసం ఇద్దరు మొదటి నలభై మందిలో వాళ్ళు ఉంటారు. వాళ్ళ యజమానికి ఎనిమిదో రౌండ్ పిక్ ఇస్తానంటే సంతోషంగా ఇస్తాడు.

నా జట్టులో గత పదేళ్ళలో అన్నిటికంటే మంచి ట్రేడ్ ఇలాంటిదే. 2024 నవంబర్‌లో పిచర్ గ్యారెట్ క్రోషే ఒకాయన దగ్గర ఆరోవాడు. 209 స్ట్రైకౌట్స్ ఉన్నా, ఆడింది 121 మ్యాచ్‌లు ఓడిపోయిన చికాగో వైట్ సాక్స్‌కి కాబట్టి రికార్డు 6-12. క్లబ్బు అతని ఇన్నింగ్స్‌ని కూడా అదుపులో పెట్టింది, మొత్తం 146 ఇన్నింగ్స్. నేను తొమ్మిదో రౌండ్ పిక్ ఇచ్చి తీసుకున్నాను. డిసెంబర్‌లో వైట్ సాక్స్ అతన్ని బోస్టన్‌కి ట్రేడ్ చేసింది. 2025లో 18-5, ఈఆర్‌ఏ 2.59, 255 స్ట్రైకౌట్స్. బోస్టన్‌కి వెళతాడని నాకు ముందే తెలుసని చెప్పను. కానీ అతన్ని ఎవరో ఒకరు కొంటారని ఆ చలికాలం అందరూ మాట్లాడుకుంటున్నారు, ఎక్కడికి వెళ్ళినా వైట్ సాక్స్ కంటే మంచి జట్టే అవుతుంది. ఓడిపోయే జట్టులో ఉన్న మంచి పిచర్‌ని నవంబర్‌లో కొనాలి. డిసెంబర్‌లో విలేకరులు రాసేశాక అందరికీ తెలిసిపోతుంది.

మీ మిగతా ముగ్గురి గురించి అడగలేదు, అయినా రెండు మాటలు. సోటో 43 హోమ్ రన్స్ నమ్మండి, 38 స్టీల్స్ పూర్తిగా నమ్మకండి. అంతకుముందు ఏ ఏడాదీ అతను 12 దాటలేదు. 20 వస్తాయని లెక్కేసుకుని డ్రాఫ్ట్‌లో వేగం ఇంకొంచెం కొనండి. రాలీ మళ్ళీ 60 కొట్టక్కర్లేదు. 38 కొట్టినా క్యాచర్ స్పాట్‌లో మిగతా పదకొండు జట్ల కంటే చాలా ముందుంటారు. కారోల్‌ని కదిలించకండి.

నా జవాబు ఎక్కడ మారుతుందో కూడా చెప్పాలి. మీది డైనాస్టీ లీగ్ అయి, జట్టు మొత్తాన్ని ఏళ్ళ తరబడి ఉంచుకునే పద్ధతైతే క్రూజ్, హాలిడే ఇద్దరికీ పూర్తి విలువ వస్తుంది, అప్పుడు ఈ ఆఫర్ గురించి గట్టిగా ఆలోచించాలి. ఉంచుకున్నందుకు డ్రాఫ్ట్ రౌండ్ పోయే నియమం ఉంటే, చివరి రౌండ్ ధరకి హాలిడే దొరకడం వేరే లెక్క. మీరు రాసినదాన్ని బట్టి మీ లీగ్‌లో అలాంటిది లేదు. 2027 పిక్‌లు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి నేను పెద్దగా భయపడను. 2026 డిసెంబర్ 1తో ఆటగాళ్ళకీ క్లబ్బులకీ మధ్య ఒప్పందం ముగుస్తోంది. కిందటిసారి ఇలాగే ముగిసినప్పుడు లాకౌట్ (క్లబ్బులు ఆటగాళ్ళతో పనులన్నీ ఆపేయడం) 99 రోజులు నడిచింది. దూరంలో ఉన్న పిక్ ధర ఆ మేరకి తగ్గే ఉంటుంది.

ఇక రాకర్. ఇది చివరికి పెట్టుకున్నాను, ఎందుకంటే లెక్కలతో తేలే విషయం కాదు.

తల్లి లలిత గారి వైపువాళ్ళు మన దేశం నుంచి అమెరికా వచ్చినవాళ్ళు. తండ్రి ట్రేసీ రాకర్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున మొదటి సంవత్సరం కుర్రాడిగా డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్స్‌తో నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021లో అసలు మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది మా టెక్సస్ రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు. 2023లో టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్. ఆ రాత్రి మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. బేస్‌బాల్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. టీవీ మీద పేరు కూడబలుక్కుని చదివి, "కుమార్ ఏమిట్రా, మనవాళ్ళ అబ్బాయా?" అంది. అవునమ్మా, అమ్మమ్మ వాళ్ళు మన దేశం వాళ్ళేనట అన్నాను. తర్వాత అతని స్లైడర్ బ్యాటర్ కాళ్ళ దగ్గరికి వంగి పడి బ్యాట్ గాలిలో తిరిగిన ప్రతిసారీ, అది ఎందుకు మంచిదో తెలియకపోయినా, ఆవిడ చప్పట్లు కొట్టింది. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్స్. అతను మౌండ్ దిగిపోయేదాకా ఆవిడ సోఫా మీద నుంచి లేవలేదు.

2025 అతనికి బాగా జరగలేదు. ఈఆర్‌ఏ ఐదు దాటింది, మైనర్స్‌కి పంపారు. ఇలాంటి పిచర్‌కి కీపర్ స్పాట్ ఇస్తే అతనికి ఒరిగేదీ లేదు, మీకు వచ్చేదీ లేదు. ఎదుటాయన ఆ పేరు కలిపింది మీ ఇంటి పేరు చూసి. మీరు స్కీన్స్ ధరలో రాకర్‌కి ఒక్క రూపాయి కూడా కట్టకండి. మార్చిలో డ్రాఫ్ట్ చివరి రౌండ్ వచ్చినప్పుడు తీసుకోండి. నేను రెండేళ్ళుగా అదే చేస్తున్నాను, మా లీగ్‌లో ఆ రౌండ్‌లో అతని పేరు ఇంకెవరూ చెప్పరు.

మీ ఎదుటాయనకి మెసేజ్ ఈ వారమే పంపండి. డిసెంబర్ మొదట్లో వింటర్ మీటింగ్స్ (క్లబ్బులన్నీ ఒకచోట చేరే ఏటా సమావేశాలు) జరుగుతాయి, ఏ పెద్ద ట్రేడ్ జరిగినా అందరి ధరలూ మారిపోతాయి. ఆయన ఏమన్నాడో ఇక్కడే రాయండి. ఆరోవాళ్ళ జాబితా తయారయ్యాక అదీ పెడితే, ఎవరిని ముందు అడగాలో చూసి చెబుతాను.